కువైట్ వాళ్ళు ఎలాంటివారు? విదేశీ కొలువుల చుట్టూ ఉన్న అపోహలు – వాస్తవాలు

పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు, బద్వేలు ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా కువైట్‌కు వెళ్ళేవారికి ప్రయాణానికి ముందు అవగాహన తరగతులు చెప్పడం, తిరిగి వచ్చినవారితో కూర్చొని వారి అనుభవాలు వినడం నా వృత్తి. వీసా గురించి, అకామా (నివాస అనుమతి) గురించి, జీతం గురించి అడగవలసినవన్నీ అడిగిన తర్వాత, దాదాపు ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ దేశం వాళ్ళు ఎట్లాంటోళ్ళు?" పిల్లలను అమ్మ దగ్గర వదిలి రెండేళ్ళ ఒప్పందం మీద వెళ్తున్న మనిషి ఆ ప్రశ్న అడగడం న్యాయమే. అయితే ఊళ్ళో దానికి దొరికే సమాధానాలు చాలావరకు ఆ మనిషికి నష్టం చేసేవి కాబట్టి, నేను తరచుగా వినే కొన్ని అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: ప్రతి దేశపు మనుషులకూ ఒక పుట్టుస్వభావం ఉంటుంది.

వాస్తవం: 2005లో ఆంటోనియో తెరాచ్చానో, మరికొందరు పరిశోధకులు కలిసి 49 సంస్కృతులలో ఒక అధ్యయనం చేశారు. "మీ దేశంలో సగటు మనిషి ఎలా ఉంటాడు?" అన్న ప్రశ్నకు ప్రజలు ఇచ్చిన సమాధానాలను, ఆ దేశాలలోని మనుషుల వ్యక్తిత్వాలను నిజంగా కొలిచినప్పుడు వచ్చిన సగటులతో పోల్చి చూస్తే రెండింటికీ పొంతన కుదరలేదు. పరాయి దేశం మాట అటుంచి, సొంత దేశపు "స్వభావం" గురించి కూడా మనుషులు నమ్మేది ఒకటి, ఉన్నది మరొకటి అని తేలింది.

ఈ సంగతి రాయలసీమ వారికి వేరే అధ్యయనం చెప్పనవసరం లేదు. కడప, కర్నూలు పేరు వినగానే ఫ్యాక్షన్, బాంబులు, సుమోలు అని మాట్లాడే తోటి తెలుగువారిని హైదరాబాద్‌లో చదువుకున్న మన పిల్లలందరూ ఎదుర్కొన్నవారే. కొన్ని పల్లెల్లో కొన్ని కుటుంబాల మధ్య కొన్ని దశాబ్దాలు నడిచిన హింసను సినిమా పెద్దది చేసి చూపిస్తే, అది నాలుగు జిల్లాల జనం స్వభావంగా స్థిరపడిపోయింది. మన విషయంలో అది అన్యాయమని ఇంత స్పష్టంగా తెలిసిన మనమే, ఎన్నడూ చూడని దేశం గురించి అంత తేలిగ్గా తీర్పు చెప్పడం నన్ను బాధిస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒక దేశపు చట్టాలు, అలవాట్లు తెలుసుకోవడం వేరు, ఆ దేశపు మనుషులకు ఒక స్వభావం అంటగట్టడం వేరు. కువైట్‌లో రంజాన్ నెల పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం 1968 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. మద్యం నిషిద్ధం. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఇవన్నీ వెళ్ళే ప్రతి ఒక్కరూ నేర్చుకొని తీరాలి, నేను నేర్పుతాను కూడా. "అరబ్బులు కోపిష్టులు" అన్నది మాత్రం ఈ కోవలోకి వచ్చే సమాచారం కాదు.

అపోహ: వెళ్ళి కళ్ళారా చూసి వచ్చినవారికే అసలు నిజం తెలుస్తుంది.

వాస్తవం: అన్ని అపోహలలోకీ బలమైనది ఇదే, ఎందుకంటే దీన్ని చెప్పేవారు నిజాయితీపరులు. ఒకే ఊరి నుంచి కువైట్ వెళ్ళిన ముగ్గురిని తీసుకుందాం. ఇంటిపనికి వెళ్ళిన మహిళ ఆ దేశాన్ని వంటగది వైపు నుంచి చూస్తుంది. ఇంటిల్లిపాది కోపాలు, కొట్లాటలు, రహస్యాలు అన్నీ ఆమె కంటబడతాయి, కాని ఇంటి గేటు దాటి ఊరు ఎలా ఉంటుందో ఆమె చూడగలిగేది తక్కువ. డ్రైవరుగా వెళ్ళిన అతను ఊరంతా తిరుగుతాడు, కాని ఇంట్లోవారితో అతనికి దొరికే మాటలు "ఇక్కడికి పోనీ, అక్కడ ఆపు" అన్నంత వరకే. నర్సుగా వెళ్ళిన అమ్మాయి అదే కువైటీలను జబ్బుపడి, భయపడి, తన సాయం కోసం ఎదురుచూసే మనుషులుగా చూస్తుంది. ముగ్గురూ తిరిగి వచ్చి మూడు వేర్వేరు కువైట్‌ల గురించి చెబుతారు, ముగ్గురి మాటా నిజమే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తాము నిలబడిన చోటు నుంచి కనబడినదాన్ని దేశం మొత్తానికి వర్తింపజేసినప్పుడు.

1954లో మనస్తత్వ శాస్త్రవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ ఈ విషయాన్నే వివరించారు. రెండు సమూహాల మనుషులు కలిసినంత మాత్రాన దురభిప్రాయాలు తగ్గవని, ఆ కలయికలో ఇద్దరికీ సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పైనుంచి చట్టం లేదా సంస్థల అండ ఉన్నప్పుడే అవి బాగా తగ్గుతాయని ఆయన చెప్పారు. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను కలిపి పరిశీలించి, కలయిక సాధారణంగా మేలే చేస్తుందని, ఆల్‌పోర్ట్ చెప్పిన పరిస్థితులు ఉన్నచోట ఆ మేలు ఇంకా ఎక్కువని తేల్చారు. యజమానురాలికీ పనిమనిషికీ మధ్య ఈ నాలుగింటిలో ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఆ ఇంట్లో పుట్టే అభిప్రాయం చాలావరకు జీతం ఇచ్చేవారికీ తీసుకునేవారికీ మధ్య పుట్టే అభిప్రాయం. అది కడపలోని ఒక మేడలోనూ పుడుతుంది, కాని ఇక్కడ దాన్ని మనం జాతి స్వభావం అనుకోము.

ఇంకొక చిక్కు ఉంది. తిరిగి వచ్చిన ఒక అక్క నాతో ఇలా అన్నది: "మా మామ శానా మంచిది మేడమ్, నాకు జరమొస్తే పక్కన కూచొని మందులేసింది. కానీ కువైటోళ్ళు మంచోళ్ళు కాదు." మామ అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు. ఆమెకు దగ్గరగా తెలిసిన ఒకే ఒక కువైటీ మహిళ మంచిదే అయినా, ఆ మంచితనం దేశం ఖాతాలోకి వెళ్ళలేదు, ఆమె ఒక్కతి మినహాయింపుగా మిగిలింది. చెడ్డ యజమానురాలి దగ్గర పనిచేసి వచ్చినవారి మాట వేరు: అక్కడ ఒక్కరి చెడు మొత్తం దేశానికి అంటుకుంటుంది. మనిషి మనసు సాక్ష్యాన్ని ఇలా రెండు తూకాలతో తూస్తుందని వెళ్ళే ముందే తెలిసి ఉంటే, తిరిగి వచ్చాక చెప్పే మాటలో కొంతైనా జాగ్రత్త ఉంటుంది.

అపోహ: ఎక్కువ ఏళ్ళు ఉంటే దురభిప్రాయాలు వాటంతటవే పోతాయి.

వాస్తవం: కాలం ఒక్కటే ఆ పని చేయదు. మన ప్రాంతపు చరిత్రే దీనికి ఉదాహరణ. బ్రిటిష్ రచయిత జేమ్స్ మిల్ భారతదేశంలో అడుగు పెట్టకుండానే 1817లో ఈ దేశ చరిత్రను ప్రచురించి, ఇక్కడికి రాకపోవడం, ఇక్కడి భాషలు తెలియకపోవడం తనకు లోపం కాదని వాదించారు. ఆ గ్రంథం ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల తరాలకు మన గురించి చులకన నేర్పింది. దానికి ముందే, 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల (నేటి రాయలసీమ ప్రాంతం) ప్రధాన కలెక్టరుగా పల్లెపల్లె తిరిగిన థామస్ మన్రో, 1813లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, నాగరికత అన్నది రెండు దేశాల మధ్య వ్యాపార సరుకైతే దిగుమతి వల్ల లాభపడేది ఇంగ్లండేనన్న అర్థం వచ్చేలా చెప్పారు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకొని, సొంత ఖర్చుతో పండితులను నియమించుకొని, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. ఆయన బంగళా ఉన్న స్థలంలోనే నేడు కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

వీరు పాలకులే, మనతో సమానులుగా బతికినవారు కారు, ఆ సంగతి మరచిపోకూడదు. అదే కాలంలో అదే జిల్లాలలో అన్నేళ్ళూ ఉండి కూడా చులకన భావంతోనే తిరిగి వెళ్ళిన దొరలు ఎందరో ఉన్నారు. బ్రౌన్‌కు భిన్నంగా జరిగింది ఏమిటంటే, తాళపత్రాల మీద పాఠాంతరాలను పండితులతో కలిసి పరిశీలించే పనిలో ఆయన వారి మీద ఆధారపడ్డారు. ఎదుటివారికి తెలిసినది తనకు తెలియదని రోజూ ఒప్పుకోక తప్పని పని అది.

కువైట్‌లో మనవారికి అలాంటి సమాన కలయిక దొరికేది ఎక్కువగా కువైటీలతో కాదు. ఆ దేశ జనాభాలో మూడింట రెండు వంతుల మంది విదేశీయులే, వారిలో భారతీయుల సంఖ్యే అన్నిటికన్నా ఎక్కువ. ఒక గదిలో ఆరుగురు పడుకునే చోట మలయాళీ, బెంగాలీ, నేపాలీ, శ్రీలంక మనిషి, ఒక్కోసారి పాకిస్తానీ కూడా కలిసి వండుకుంటారు, వంతులవారీగా కుబ్బూస్ రొట్టెలు తెచ్చుకుంటారు, ఒకరికి జీతం ఆగితే మరొకరు అప్పిస్తారు. నేను మాట్లాడినవారిలో అభిప్రాయం నిజంగా మారింది ఈ గదుల్లోనే. పాకిస్తానీ అంటే శత్రువు అనుకొని వెళ్ళినవారు, తమను ఆసుపత్రికి తీసుకెళ్ళిన పఠాన్ టాక్సీ డ్రైవరును పేరు పెట్టి తలచుకుంటారు. గల్ఫ్ మన జిల్లాకు పంపిన డబ్బు గురించి అందరూ మాట్లాడుతారు గాని, ఈ మార్పు గురించి ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

అపోహ: అరబ్బులంతా ఒక్కటే, ఎప్పుడూ సంపన్నులే. ఒకే మతం వాళ్ళైతే అక్కడ ఇబ్బంది ఉండదు.

వాస్తవం: కువైట్‌లో చమురు బయటపడింది 1938లో, ఎగుమతి మొదలైంది 1946లో. అంతకు ముందు ఆ ఊరు ముత్యాల వేట మీద, పడవ వ్యాపారం మీద బతికింది. కువైట్ నావికులు ఖర్జూరాలు తెచ్చి బొంబాయి, మలబారు రేవుల్లో అమ్మి, పడవలు కట్టడానికి టేకు కలప ఇక్కడి నుంచే తీసుకెళ్ళేవారు. 1961లో దీనార్ వచ్చే వరకు అక్కడ చెలామణి అయింది రూపాయే. సౌదీలో మహిళలకు కారు నడిపే అనుమతి 2018లో వస్తే, కువైట్‌లో మహిళలు అంతకు దశాబ్దాల ముందు నుంచీ నడుపుతున్నారు, 2005లో ఓటు హక్కు సాధించి, 2009లో నలుగురు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఇరుగుపొరుగు దేశాల మధ్యే ఇంత తేడా ఉంది.

మతం సంగతికి వస్తే, ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు వచ్చి మొక్కుకునే ఊరు మనది, పెద్దదర్గాకు హిందువులు వెళ్ళే ఊరు. ఇక్కడి ముస్లిం సోదరులు కొందరు అక్కడ తమను సొంతవారిగా చూస్తారన్న ఆశతో వెళ్ళి, మసీదులో పక్కపక్కన నిలబడే మనిషి పని దగ్గర యజమానిగానే ఉండటం చూసి ఎక్కువగా నొచ్చుకుంటారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ దాడి చేసినప్పుడు దురాక్రమణదారుది కూడా అదే మతం, అదే భాష. ఆ యుద్ధానికి ముందు కువైట్‌లో సుమారు 4 లక్షల మంది పాలస్తీనియన్లు ఉండేవారు, ఉపాధ్యాయులుగా, ఇంజనీర్లుగా ఆ దేశాన్ని కట్టడంలో వారిది పెద్ద పాత్ర. వారి నాయకత్వం ఇరాక్ అధ్యక్షుడు సద్దాం వైపు మొగ్గిందన్న కారణంతో యుద్ధం ముగిశాక వారిలో అత్యధికులు ఆ దేశంలో నిలవలేకపోయారు. ఒక జాతి గురించిన అభిప్రాయం రాజకీయాన్ని బట్టి కొన్ని నెలల్లోనే తలకిందులైంది.

అపోహ: "అది వాళ్ళ దేశపు పద్ధతి, మనం సర్దుకోవాలి."

వాస్తవం: ఈ ఒక్క మాట చేసినంత హాని మిగతా అపోహలన్నీ కలిసి చేయలేదు. పాస్‌పోర్టు తీసి పెట్టుకోవడం, సెలవు ఇవ్వకపోవడం, అర్ధరాత్రి వరకు పని చేయించడం, నెలల తరబడి జీతం ఆపడం ఇవన్నీ కువైట్ పద్ధతి అనుకొని భరించినవారిని నేను చూశాను. అవి పద్ధతి కాదు, ఆ దేశపు చట్టానికే విరుద్ధం. ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతాన్ని 60 దీనార్లుగా నిర్ణయించారు. చట్టం ఉన్నంత మాత్రాన అమలవుతుందని నేను చెప్పను, యజమాని తలుపు వేసుకుంటే లోపల ఏం జరుగుతుందో చూసేవారు తక్కువ. అయినా, జరుగుతున్నది జాతి స్వభావమని నమ్మిన మనిషి రాయబార కార్యాలయానికి ఫోన్ చేయదు, అది నేరమని తెలిసిన మనిషి చేస్తుంది.

అపోహ: ఈ గొడవంతా బయటికి వెళ్ళేవారిదే.

వాస్తవం: పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన తర్వాత అనంతపురం ప్రాంతం కూడా విదేశీయులకు నివాసమైంది. కొరియా భోజనశాలలు వెలిశాయి. కొరియన్లు మొరటుగా మాట్లాడతారని మనవారు, చెప్పిన వేళకు రారని మన గురించి వారు అనుకోవడం అక్కడ పనిచేసేవారి మాటల్లో వింటున్నాను. ఇక్కడ కలిసి చేయవలసిన పని కళ్ళెదుటే ఉండటం వల్ల, ఒకే బల్ల దగ్గర భోంచేసేవారి మధ్య ఈ మాటలు త్వరగా మెత్తబడుతున్నాయి.

అపోహ: బయట ఉండి వచ్చినవారు మారిపోయి వస్తారు, వారిని నమ్మలేము.

వాస్తవం: మారిపోతారు, నిజమే. 2018లో హయో ఆడమ్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో తేలినదేమిటంటే, ఎన్ని దేశాలు చూశారన్నది కాక, బయట ఎంతకాలం బతికారన్నదాన్ని బట్టి మనుషులకు తమ గురించి తమకు స్పష్టత పెరుగుతుంది. తాను పాటించే విలువల్లో ఏవి నిజంగా తనవి, ఏవి పెంపకం వల్ల వచ్చినవి అని ఆలోచించవలసి రావడమే దానికి కారణం. మన పల్లెల్లో ఈ స్పష్టతను పురుషుడిలో అనుభవం అంటారు, స్త్రీలో పొగరు అంటారు. తాను పంపిన డబ్బుతో కట్టిన ఇంట్లోనే, "కువైట్ పోయొచ్చింది" అన్న రెండు మాటల వెనుక అనుమానాన్ని మోస్తూ బతికే మహిళలు నా దగ్గరకు వస్తారు. కువైటీల గురించి మనం అల్లిన కథలన్నీ చివరికి వచ్చి పడేది వీరి మీదే. అక్కడ అంతా చెడ్డవారే అయితే, అక్కడ ఉండి వచ్చిన ఆమె కూడా చెడిందన్నదే ఊరి లెక్క. ఆ లెక్కను ఊరి పెద్దలు, అత్తమామలు, భర్తలు మానుకోవాలని ప్రతి వేదిక మీదా అడుగుతున్నాను.

తిరిగి వచ్చినవారిని తరగతిలో మాట్లాడమని పిలిచినప్పుడు నేను ఒక నియమం పెడతాను. "కువైట్ వాళ్ళు" అని మొదలుపెట్టకుండా, ఏ సంవత్సరంలో వెళ్ళారో, ఏ పని చేశారో, ఎవరింట్లో ఎంతమంది ఉండేవారో, జీతం ఎంతో ముందు చెప్పాలి. ఆ తర్వాత ఏమైనా చెప్పవచ్చు. ఇలా మొదలైన తరగతుల్లో వినేవారి ప్రశ్నలు కూడా మారుతున్నాయి. సెలవు అడిగితే మామ ఏమన్నదక్కా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది, ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చేవారా, జీతం చేతికిచ్చేవారా బ్యాంకులో వేసేవారా అని అడుగుతున్నారు.