శివారులో ఇల్లు: ఒక ప్లంబర్ చూసిన అపోహలు, వాస్తవాలు

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, ఏనుగొండ, బండమీదిపల్లి, క్రిస్టియన్‌పల్లి వైపు కొత్త కాలనీల్లో పదిహేడేళ్లుగా ప్లంబింగ్ పని చేస్తున్నాను. నేనుండేదీ అలాంటి కాలనీలోనే. ఊరి నడుమ గజం ధర అందక బయటికి వచ్చినవాళ్లమే అందరం. ప్లాటు చూసుకునేటప్పుడు జనం అడిగేవి రెండే: గజం ఎంత, బస్టాండు ఎంత దూరం. నేను అడిగేవీ రెండే: నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, వాడిన నీళ్లు ఎటు పోతాయి? రెండో ప్రశ్నకు చాలామంది నా మొహం వంక చూస్తారు.

అపోహ: పక్కింట్లో బోరు పడింది, మనకూ పడుతుంది.

ఇక్కడ పైన కాస్త మట్టి, మొరం, దాని కింద గ్రానైట్ రాయి. నీళ్లుండేది ఆ రాయి పగుళ్లలో. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. ముప్పై అడుగులు జరిగితే కథ మారిపోతుంది. నా ఇంటికి నేనూ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే పెద్దాయననే పిలిచాను. నవ్వకండి, అప్పు తెచ్చి వేసే బోరు. 420 అడుగులు దించినా తెల్లపొడి తప్ప ఏమీ రాలేదు. రెండోది ఆయన వద్దన్న మూలలో వేస్తే 260 దగ్గర నీళ్లు తగిలాయి. మార్చి దాటితే అదీ ఇరవై నిమిషాలకే గాలి కొడుతుంది. ఇల్లు కట్టే ఖర్చులో రెండో బోరు కూడా రాసి పెట్టుకోండి.

అపోహ: భగీరథ నల్లా ఉంది, సంపు దండగ.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ లెక్క ప్రకారం మనిషికి రోజుకు పల్లెల్లో 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150. నలుగురున్న ఇంటికి 150 చొప్పున 600 లీటర్లు. లైను చివర ఉన్న గల్లీలకు నీళ్లు రోజూ రావు, వచ్చినా ప్రెషర్ ఉండదు. రోజు విడిచి రోజు వస్తే 1,200 లీటర్లు, ఎక్కడైనా పైపు పగిలితే ఇంకో రెండు రోజులు. అందుకే 3,000 లీటర్లకు తక్కువ సంపు నేను కట్టనివ్వను. నల్లాకే నేరుగా మోటారు బిగించమని అడిగేవాళ్లున్నారు. ఆ పని చేయను, దాంతో వెనకింటి నల్లా ఎండిపోతుంది.

అపోహ: బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి, తాగడానికి భయం లేదు.

నన్ను రోజూ టెన్షన్ పెట్టేది ఇదే. సెప్టిక్ ట్యాంకు నుంచి నీళ్లు ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 59 అడుగులు ఉండాలని భారత ప్రమాణం. మన దగ్గర ఎక్కువగా అమ్మేది 150 గజాల ప్లాటు. ముప్పైకి నలభై ఐదు. ఈ మూల నుంచి ఆ మూలకు టేపు పట్టినా 54 అడుగులే! మీ ప్లాటులో మీరు ఎంత దూరం పెట్టినా చాలదు, పైగా అవతల గోడను ఆనుకుని పక్కింటివాళ్ల గుంత ఉంటుంది. పగుళ్ల రాయిలో మురుగు ఎటు జారుతుందో పైనుంచి ఎవరికీ కనపడదు. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు పెట్టుకోండి. తాగడానికి, వంటకు భగీరథ నీళ్లు పట్టుకోండి.

"కాచి తాగుతున్నం కదన్నా" అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, రాతి నుంచి నీళ్లలో కలిసే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలినవాటిలో అది ఇంకా చిక్కబడుతుంది. మా అత్తగారిది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన మెడలు అక్కడ ఇంటింటి కథ. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరే వాడుతుంది. మన తెలంగాణ జిల్లా పేరు అలాంటి దానికి పడిందని గర్వపడాలో ఏడవాలో తెలియదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. నాలుకకు ఆ తేడా తెలియదు, పరీక్ష చేయించాల్సిందే.

అపోహ: కార్పొరేషన్ అయింది, ఇక మోరీలు వస్తాయి.

మహబూబ్‌నగర్ 2025 జనవరిలో కార్పొరేషన్ అయింది. ఆఫీసు బోర్డు ఒక్కరోజులో మారింది, మా గల్లీలో మోరీకి ఇంకా ముగ్గు కూడా పోయలేదు. వస్తుందనే నమ్మండి, కానీ అది రాకముందు బతకడానికి సరిపడా కట్టుకోండి. ప్లాటు చూడటానికి ఎండాకాలం వెళ్లకండి, అప్పుడు ప్రతి ప్లాటూ బాగుంటుంది. పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున వెళ్లి, చుట్టుపక్కల ప్రహరీ గోడల మీద తడి గీత ఎంత ఎత్తులో ఉందో చూడండి. మోకాలు దాటితే పాత మ్యాపు తీయించి ఆ చోట కుంట ఉందేమో వెతకండి. బేస్‌మెంట్ ఎత్తు రాబోయే సీసీ రోడ్డును లెక్కలో వేసుకుని నిర్ణయించండి. రోడ్డు పడ్డాక వాకిలి కిందికి దిగిపోయిన ఇళ్లు మా కాలనీలోనే నాలుగున్నాయి.

రైలుకు డబుల్ లైను పడింది కాబట్టి రోజూ పట్నం, అంటే హైదరాబాద్, పోయి రావచ్చనేది ఇంకోటి. లైను 2023లో జాతికి అంకితం చేశారు, పాసు తీసుకుని రోజూ పోయేవాళ్లూ ఉన్నారు. వంద కిలోమీటర్లు పోను, వంద రాను. వాళ్ల ఇళ్లలో నల్లా రిపేరుకు నేను ఆదివారమే పోవాలి.

సెప్టిక్ ట్యాంకు పెద్దగా కడితే జన్మలో తీయాల్సిన పని లేదనేది చివరిది. ఎంత పెద్దదైనా రెండు మూడేళ్లకోసారి తీయించాలి, అదీ మిషన్ బండితోనే. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. బండి పైపు అందేలా మూత ఇంటి ముందే పెట్టించండి, దాని మీద టైల్స్ మాత్రం వేయించకండి. పోయిన దసరాకు ఒక సారు ఇంట్లో ముగ్గులాంటి డిజైన్ టైల్స్ కింద మూత ఎక్కడుందో వాళ్లకే గుర్తు లేదు. మూడు చోట్ల పగలగొట్టాక దొరికింది. అప్పటికే బండివాడు వెళ్లిపోయాడు.