24 వారాల గీత దగ్గర ఆగిపోతున్న దరఖాస్తులు

గర్భం తీయించుకోవడానికి వచ్చిన మహిళను 24 వారాల గడువు దాటిందని ఆసుపత్రి వెనక్కి పంపుతుంది. ఆమె హైకోర్టు గడప తొక్కుతుంది. డాక్టర్ల బృందమైన మెడికల్ బోర్డు నివేదిక కోసం కేసు వాయిదా పడుతుంది. ఈలోగా గర్భం మరో వారం పెరుగుతుంది. అబార్షన్ చట్టం మీద చర్చ రాజుకున్న ప్రతిసారీ వరస ఇదే. 1971లో ఆ చట్టం ఎలా వచ్చిందో ఇప్పటికే చాలామంది రాశారు. ఇవాళ్టి వివాదం అర్థం కావాలంటే 2023 అక్టోబరు 9 నుంచి 16 వరకు సుప్రీంకోర్టులో ఏం జరిగిందో చూడాలి.

కోర్టుకు వచ్చిన మహిళకు 27 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత వచ్చిన మానసిక సమస్యకు మందులు వాడుతోంది. బిడ్డకు పాలిస్తుండటంతో నెలసరి రాలేదు, అందుకే గర్భం సంగతి తెలియలేదు. ఇందులో వింతేమీ లేదు. పాలివ్వడం గర్భం రాకుండా కాపాడేది కాన్పయిన తొలి 6 నెలలే. అదీ బిడ్డకు రాత్రీ పగలూ తల్లిపాలు మాత్రమే పడుతున్నప్పుడు, నెలసరి ఇంకా మొదలుకానప్పుడు. ఆ తర్వాత అండం నెలసరి కన్నా ముందే విడుదల కావచ్చు. అంటే ఒక్క నెలసరి కూడా రాకుండానే మళ్లీ గర్భం నిలవొచ్చు. ఆమె స్కాన్ తీయించుకునేసరికే 24 వారాలు. ఆసుపత్రులు కాదన్నాయి.

అక్టోబరు 9న జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ బి.వి.నాగరత్నల ధర్మాసనం అనుమతి ఇచ్చింది. జస్టిస్ కోహ్లీ అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. మర్నాడే, ఆమెను పరీక్షించిన ఢిల్లీ ఎయిమ్స్ మెడికల్ బోర్డు సభ్యుల్లో ఒకరి నుంచి ఈమెయిల్ వచ్చింది. పిండం బతికే అవకాశం ఉంది, గుండె ఆపాలా వద్దా స్పష్టంగా చెప్పండి అని అందులో అడిగారు.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియాలంటే వైద్యం తెలియాలి. 26 వారాల గర్భాన్ని తొలగించడమంటే చాలావరకు మందులతో నొప్పులు తెప్పించి ప్రసవం చేయించడమే. బిడ్డ ప్రాణంతో పుట్టకూడదనుకుంటే ముందుగా స్కాన్‌లో చూస్తూ, తల్లి పొట్ట మీదుగా సూది దించి పిండం గుండెలోకి పొటాషియం క్లోరైడ్ ఎక్కించాలి. ఎక్కించకపోతే కిలో కూడా తూగని బిడ్డ పుట్టొచ్చు. ఊపిరితిత్తులు ఎదగవు, మెదడులో రక్తస్రావం జరగొచ్చు, చూపు దెబ్బతినొచ్చు, వారాల తరబడి నవజాత శిశువుల ఐసీయూలో ఉంచాలి. డాక్టర్ ముందున్న రెండు దారులూ కష్టమైనవే. చట్టంలో ఈ ఇంజెక్షన్ గురించి ఒక్క మాట లేదు.

11న ధర్మాసనం రెండుగా చీలింది. ఈ పరిస్థితిలో అనుమతించడానికి తన మనస్సాక్షి ఒప్పుకోవడం లేదని జస్టిస్ కోహ్లీ అన్నారు. జస్టిస్ నాగరత్న తొలి ఉత్తర్వుకే కట్టుబడ్డారు. పిండం బతుకుతుందా లేదా అన్నది ఇక్కడ తేల్చాల్సిన విషయం కాదని, తల్లి ఇష్టం, ఆమె పరిస్థితి చూడాలని చెప్పారు. తల్లి మీద ఆధారపడిన పిండానికి ఆమె నుంచి వేరైన ఉనికి ఉండదన్నారు. ఇద్దరు పసిపిల్లలు, మానసిక అనారోగ్యం, అంతంతమాత్రపు సంపాదన ఉన్న ఆ తల్లి ఆలోచించే నిర్ణయం తీసుకుందని నమ్మారు. కేసు మొత్తంలో ఆమె చెప్పింది చెప్పినట్టు విన్న మాటలు ఇవేనని నా అభిప్రాయం.

16న ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు జడ్జీలు అనుమతి నిరాకరించారు. అప్పటికి 26 వారాల 5 రోజులు. తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు లేదు, పిండంలో లోపం లేదు, గుండెను ఆపమని కోర్టు చెప్పలేదు అన్నారు. ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం భరించాలని, బిడ్డను దత్తత ఇవ్వాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టమని చెప్పారు.

అప్పటి నుంచీ చర్చంతా గుండె చప్పుడు చుట్టూ తిరుగుతోంది. కానీ ఈ గీత గీసింది గుండె చప్పుడును బట్టి కాదు. ఆ తీర్పుకు రెండు నెలల ముందు, 2023 ఆగస్టులో, 27 వారాలు దాటిన గుజరాత్ అత్యాచార బాధితురాలికి ఇదే సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది. బిడ్డ ప్రాణంతో పుడితే ఇంక్యుబేటర్‌తో సహా వైద్యం అందించాలని ఆసుపత్రిని ఆదేశించింది. 2021లో తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురైన బాలికకు 26 వారాల్లో అనుమతిచ్చింది. ఆ గర్భాల్లోనూ గుండె కొట్టుకుంటూనే ఉంది.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో చూడాలంటే 2008కి వెళ్లాలి. అప్పుడు గడువు 20 వారాలు. పిండానికి గుండె సమస్య ఉందని 24 వారాల ప్రాంతంలో తెలుసుకున్న ముంబై దంపతులు, డాక్టర్ నిఖిల్ దాతార్‌తో కలిసి బాంబే హైకోర్టుకు వెళ్లారు. కోర్టు కాదంది. గడువు పెంచాలన్న పోరాటం అక్కడి నుంచే ఊపందుకుంది. వాళ్ల వాదనకు బలం స్కానింగ్ నుంచి వచ్చింది. పిండం అవయవాలన్నీ వివరంగా చూసే, మన దగ్గర టిఫా అని పిలిచే స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య తీస్తారు. అందులో ఏదైనా తేడా కనిపిస్తే ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపాలి. క్రోమోజోముల ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. 20 వారాల్లోపు ఇదంతా తేలడం కష్టం.

అందువల్లే 2021 సవరణ లోపాలున్న పిండం చుట్టూ అల్లుకుంది. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వరకు ఇద్దరు డాక్టర్లు, అదీ నిబంధనల్లోని కొన్ని వర్గాల మహిళలకే. 24 దాటితే, తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే తప్ప, పిండంలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తేలిస్తే ఇక వారాల పరిమితే లేదు. అంటే 30 వారాల పిండం గుండెనైనా చట్టం అడ్డుగా చూడదు. 26 వారాల్లో తల్లి మనసు కుంగిపోవడాన్ని మాత్రం కారణంగా లెక్కించదు. లోపమున్న బిడ్డకే ఈ మినహాయింపు ఏమిటని వికలాంగుల హక్కుల కార్యకర్తలు అడిగేదానికి జవాబు ఇంతవరకూ రాలేదు.

గడువు కావాలనేవారి వాదన తెలిసిందే. బయట బతకగల బిడ్డ విషయంలో రాజ్యానికి బాధ్యత ఉందని, 24 వారాలు నిర్ణయం తీసుకోవడానికి చాలని కేంద్రం తరఫున అదనపు సొలిసిటర్ జనరల్ ఐశ్వర్యా భాటీ వాదించారు. మొదటి సగం కొట్టిపారేయలేనిది. రెండో సగమే నిలవదు.

వారాలు ఎక్కడ పోతున్నాయో చూడండి. లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి గర్భం నిలిచేనాటికే సుమారు రెండు వారాలు గడిచిపోతాయి. మాత్రలతో తొలగించడానికి అనుమతి 9 వారాల వరకే: మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, ఒకటి రెండు రోజులకు మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు. లింగ నిర్ధారణ చట్టం కేసులకు భయపడి చాలా మందుల షాపులు వీటిని ఉంచవు. అసలు 9 వారాలప్పుడు మామూలు స్కాన్‌లో ఆడా మగా తెలియదు. 18 దాటిన మహిళ సమ్మతి ఒక్కటే చాలని చట్టం చెప్పినా, భర్త సంతకం తెమ్మని పంపేసే ఆసుపత్రులు ఉన్నాయి. పెళ్లికానివారికి 24 వారాల వరకు హక్కుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తేల్చేదాకా 20 దగ్గరే వాళ్లను ఆపేసేవారు.

డాక్టర్ల జంకుకూ కారణం ఉంది. పాత శిక్షాస్మృతి 312వ సెక్షన్‌లో ఉన్న నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్‌లో ఉంది. గర్భం తీయడం నేరం, అందులో గర్భిణికీ శిక్ష పడొచ్చు. 1971 చట్టం చేసిందల్లా తన షరతులకు లోబడిన డాక్టర్‌ను ఆ నేరం నుంచి తప్పించడం. గర్భిణి అడిగితే చేసి తీరాలని అందులో లేదు. లెక్క ఒక్క రోజు తప్పినా జైలు తనకేనన్న భయంతో డాక్టర్ 'కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి' అంటాడు.

2024లో అత్యాచారానికి గురైన మహారాష్ట్ర బాలిక కేసులో సుప్రీంకోర్టు ఈ భయాన్ని గుర్తించింది. బోర్డులు పిండం లోపాల దగ్గరే ఆగకుండా గర్భిణి శారీరక, మానసిక స్థితిని కూడా పరిశీలించి రాయాలని, ఆమె అభిప్రాయానికి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. బోర్డు 3 రోజుల్లో అభిప్రాయం ఇవ్వాలని, అనుమతిస్తే దరఖాస్తు అందిన 5 రోజుల్లో ప్రక్రియ పూర్తవ్వాలని 2021 నిబంధనల్లోనే ఉంది. గుజరాత్ కేసును హైకోర్టు ఒక్కసారి వాయిదా వేసింది, 12 రోజులకు.