మొక్తెసుమా బిరుదు: అంతా 1526 నాటి అరణంలోనే ఉంది

మెక్సికో, స్పెయిన్‌ల మధ్య క్షమాపణ గొడవ మళ్లీ తెరమీదికొచ్చింది. 2019 మార్చిలో అప్పటి మెక్సికో అధ్యక్షుడు లోపెస్ ఒబ్రదోర్, 500 ఏళ్ల కిందటి దండయాత్రకు క్షమాపణ కోరుతూ స్పెయిన్ రాజు ఆరో ఫెలిపేకి ఉత్తరం రాశారు. నాటి సంగతులను నేటి కళ్లతో చూడకూడదంటూ స్పెయిన్ ససేమిరా అంది. 2024 అక్టోబరులో మెక్సికో కొత్త అధ్యక్షురాలు క్లౌదియా షేన్‌బామ్ ప్రమాణ స్వీకారానికి రాజుకు పిలుపే వెళ్లలేదు. ఏడాది తర్వాత, 2025 అక్టోబరు 31న, స్పెయిన్ విదేశాంగ మంత్రి అల్బారెస్ మూలవాసులకు బాధ, అన్యాయం జరిగాయని ఒప్పుకున్నారు. క్షమాపణ అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

ఈ వాదనలో అక్కరకొచ్చే బిరుదు ఒకటుంది: దండయాత్ర నాటి మెక్సికోను ఏలిన అజ్‌తెక్ చక్రవర్తి పేరు మీద స్పెయిన్ ఇచ్చిన డ్యూక్ ఆఫ్ మొక్తెసుమా. ఓడిపోయిన చక్రవర్తి వంశాన్ని తన ప్రభువుల వరుసలో కూర్చోబెట్టిన దేశం ఇంకా దేనికి క్షమాపణ చెప్పాలని అడగొచ్చు. పైకి సబబుగానే ఉంటుంది. అసలు లెక్క తెలియాలంటే 1526 జూన్ 27 నాటి ఒక దానపత్రం దగ్గరికి వెళ్లాలి.

స్పెయిన్ దండు నాయకుడు కోర్తెస్ రాక, 1521లో అజ్‌తెక్ రాజధాని తెనోచ్‌తిత్లాన్ పతనం తెలిసిన కథే కాబట్టి వదిలేద్దాం. దానపత్రం అందుకున్నది మొక్తెసుమా కూతురు తెక్విచ్‌పో. బాప్తిస్మం ఇచ్చి ఇసాబెల్ అని పేరు మార్చారు. అప్పటికి పదహారు, పదిహేడేళ్లుంటాయేమో, అప్పుడే వితంతువు. తండ్రి తర్వాత గద్దెనెక్కిన క్విత్లావాక్‌కు ఇచ్చి చేశారు, అతను మశూచితో పోయాడు. ఆ తర్వాత పెళ్లాడిన ఆఖరి చక్రవర్తి క్వావ్‌తెమోక్‌ను 1525లో కోర్తెసే ఉరి తీయించాడు. మరుసటి ఏడాది అదే కోర్తెస్ తన మనిషి అలోన్సో దె గ్రాదోకు ఆ పిల్లనిచ్చి పెళ్లి చేసి, తకూబా పట్టణాన్ని, దాని కింది ఊళ్లను అరణంగా రాసిచ్చాడు. ఒక తరానికి కాదు, ఆచంద్రార్కం. ఆమె తండ్రి ఏలిన నేలే ఆమెకు పుట్టింటి కానుక అయింది, ఇచ్చినవాడు ఆమె మొగుణ్ణి చంపినవాడు.

దానపత్రంలో కోర్తెస్ రాసుకున్న కారణం ఇంకా ముఖ్యం. మొక్తెసుమా చనిపోతూ తన కూతుళ్లను నా చేతుల్లో పెట్టాడు, స్పెయిన్ చక్రవర్తికి తన సేవను గుర్తుంచుకోమన్నాడు అంటాడు. అంటే రాజ్యం లాక్కున్నది కాదట, మొక్తెసుమా ఇష్టపడి ఇచ్చినదట. ఈ మాట చెబుతున్నది కోర్తెసే. మొక్తెసుమాను చంపింది స్పెయిన్ వాళ్లేనని మూలవాసుల కథనాలు చెబుతున్నాయి. గ్రాదో త్వరలోనే పోయాడు, ఇసాబెల్ కోర్తెస్ ఇంటికి చేరింది, గర్భవతి అయింది. మరొకరితో పెళ్లి జరిగాక పుట్టిన ఆ బిడ్డ లియొనోర్‌ను పెంచింది తల్లి కాదు, కోర్తెస్ బంధువు.

బిరుదు మాత్రం ఈమె సంతతికి రాలేదు. ఆమె సవతి సోదరుడు పెద్రో కొడుకు స్పెయిన్‌కు వెళ్లి అక్కడి అమ్మాయినే చేసుకుని అక్కడే కన్నుమూశాడు. అతని కొడుకు, స్పెయిన్‌లో పుట్టి పెరిగిన పెద్రో తెసిఫోన్‌ను 1627లో స్పెయిన్ రాజు నాలుగో ఫెలిపే కౌంట్ ఆఫ్ మొక్తెసుమా చేశాడు. తర్వాత ఆ ఇంటి ఆడపడుచును పెళ్లాడి కౌంట్ అనిపించుకున్న హోసే సార్మియెంతో 1696లో వైస్రాయ్‌గా మెక్సికోకు వచ్చాడు. మొక్తెసుమా పేరుతో మెక్సికోను మళ్లీ ఏలినవాడు గలీసియా నుంచి వచ్చిన స్పెయిన్ దొర!

ఇసాబెల్ సంతతికి మిగిలింది డబ్బు. తకూబా ఆదాయం కాలక్రమంలో ఖజానా నుంచి అందే రాజభరణంగా మారింది. 1821లో స్వాతంత్ర్యం వచ్చింది, 1826లో మెక్సికో బిరుదులన్నీ రద్దు చేసింది, భరణం మాత్రం ఆగలేదు. వైస్రాయల నాటి అప్పులను నెత్తినేసుకున్న కొత్త దేశం దీన్నీ మోసింది. విప్లవం కూడా వచ్చిపోయింది, అయినా కట్టింది! చివరికి 1934లో అధ్యక్షుడు అబెలార్దో రోద్రిగెస్ ఆపేశారు. మళ్లీ ఇమ్మని వారసులు తర్వాత కూడా అడిగారు. చూడండి, ఆక్రమణ స్పెయిన్‌ది, మాట ఇచ్చింది కోర్తెస్, బిల్లు కట్టింది మెక్సికో.

స్పెయిన్ వైపు చెప్పుకోవడానికి ఏమీ లేదని కాదు. ఇసాబెల్ చివరి భర్త హువాన్ కానో సొంత ఊరు స్పెయిన్‌లోని కాసెరెస్. వాళ్ల మనవడి పేరు మీదున్న భవనం ఇప్పటికీ అక్కడుంది. ఒక గదిలో రోమ్ చక్రవర్తులను, మరో గదిలో మెక్సికో రాజులను గోడల మీద చిత్రించారు. ఓడినవాళ్లను సీజర్ల సరసన నిలబెట్టడం చిన్న మర్యాదేం కాదు. ఇప్పుడది జిల్లా చారిత్రక దస్తావేజుల భాండాగారం.

కౌంట్ హోదాను 1865లో స్పెయిన్ రాణి రెండో ఇసాబెల్ డ్యూక్‌గా పెంచింది. 1931లో స్పెయిన్ రిపబ్లిక్ బిరుదులకు గుర్తింపు తీసేసింది, 1948లో నియంత ఫ్రాంకో తిరిగి ఇచ్చాడు. ఆ బిరుదుతో ఈనాడు భూమీ రాదు, జీతమూ రాదు. డ్యూక్ పోతే వారసుడు దరఖాస్తు పెట్టుకోవాలి, పన్ను కట్టాలి. ప్రభుత్వ గెజిట్‌లో ఉత్తర్వు కూడా పడుతుంది. ఆ ఉత్తర్వు వెలువడేది రాజు పేరు మీద, 2019లో మెక్సికో ఉత్తరం వెళ్లిందీ ఆయన చిరునామాకే.