జియోక్యాషింగ్ అపోహలు - వాస్తవాలు: తవ్వకండి, నీళ్లలో దిగకండి

బెంగళూరులో మన తెలుగువాళ్లకు జియోక్యాషింగ్ నేర్పుతున్నాను, అంటే ఒకరు బయట ఎక్కడో దాచిన డబ్బాను యాప్‌లో ఇచ్చిన జీపీఎస్ అంకెల సాయంతో ఇంకొకరు వెతికి పట్టుకునే ఆట. ఆదివారం మధ్యాహ్నం నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకే రకం. "అన్నా, ఫోన్‌లో దూరం సరిగ్గా జీరో చూపించే చోటే నిలబడ్డాం, డబ్బా లేదు, తవ్వమంటారా?"

వద్దు. ఎక్కడా, ఎప్పుడూ వద్దు.

అపోహ: ఫోన్ చూపిన చోటే డబ్బా ఉంటుంది, కనిపించలేదంటే భూమిలో ఉన్నట్టే.

వాస్తవం: ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది, నది ఒడ్డు పార్కుల్లో పెద్ద చెట్ల కిందైతే ఇంకా ఎక్కువ. దాచినవాళ్ల ఫోన్‌కీ ఇదే తేడా ఉంటుంది కాబట్టి రెండు తప్పులూ కలుస్తాయి. పది మీటర్ల లోపుకు రాగానే ఫోన్ జేబులో పెట్టేసి కళ్లతో వెతకండి: రెయిలింగ్ గొట్టాల వెనక, బెంచీ అడుగున, చెట్టు తొర్రలో, ఎవరో పేర్చినట్టున్న రాళ్ల సందున. 2000 మే 2న అమెరికా జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న లోపాన్ని ఆపేసింది, మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ మొదటి డబ్బా పెట్టాడు. అది సగం పాతిన బకెట్టే, దాన్ని చూపించి నాతో వాదించేవాళ్లూ ఉన్నారు. కానీ తర్వాత వచ్చిన నియమాల్లో స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి దాచకూడదనే ఉంది.

అయినా శ్రీరంగపట్నం లాంటి చోట, కోటా గుడులూ ఉన్న ఊళ్లో, నలుగురు ఫోన్ చూసుకుంటూ కర్రతో నేల గోకుతుంటే అక్కడివాళ్లు ఏమనుకుంటారు? గుప్తనిధుల ముఠా అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం కూడా. అలాంటి చోట డబ్బా పెట్టడానికి ఇక ఎవరికీ అనుమతి దొరకదు. ఎవరైనా వచ్చి అడిగితే దాచకుండా యాప్ చూపించి ఆట గురించి చెప్పండి.

నీళ్ల దగ్గర ఈ అపోహ ప్రాణాలకే ముప్పు. యాప్‌లో బాణం చూపించేది దిక్కు మాత్రమే, దారి కాదు. ఒకసారి కావేరి ఒడ్డు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది, గొంతులో టెన్షన్ తెలుస్తోంది, "అన్నయ్యా, ఏడు మీటర్లంటోంది, బాణం నీళ్లలోకి చూపిస్తోంది, మా ఆయన ప్యాంటు మడుస్తున్నారు" అంది. ముందు ఆయన్ని పైకి రమ్మనమన్నాను. ఆ డబ్బా ఒడ్డు మీదే, వాళ్ల వీపు వెనకున్న రెయిలింగ్‌కి అయస్కాంతంతో అంటుకుని ఉంది. అలా భయపడి ఫోన్ చేసేవాళ్లంటే నాకు చాలా ఇష్టం, దయచేసి అలాగే అడగండి. ఎగువన కేఆర్ఎస్ డ్యామ్ ఉంది, నీళ్లు వదిలితే మోకాలి లోతు అనుకున్న చోటే మనిషి కొట్టుకుపోతాడు.

అసలు ఊరే తప్పిపోయేవాళ్లు ఇంకొందరు. డబ్బా ఉన్న చోటి అక్షాంశం 12° 25.300 అని ఇస్తే, అది పన్నెండు డిగ్రీల ఇరవై ఐదు పాయింట్ మూడు నిమిషాలు. దాన్ని మ్యాప్‌లో 12.253 అని కొడితే 18 కిలోమీటర్ల పైనే దక్షిణానికి వెళ్తారు. ఆ 25.3 నిమిషాలను 60తో భాగించి 12.42167 అని కొట్టాలి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. నెట్ లేకపోతే ఆడలేమన్నది పుకారు, జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, వివరాలు ఇంట్లోనే సేవ్ చేసుకుంటే చాలు. డబ్బాలో బంగారం ఉండదు, దొరికినవాళ్లు పేరు రాసే లాగ్‌బుక్ ఉంటుంది, పెద్దదైతే చిన్న బొమ్మలుంటాయి, ఒకటి తీసుకుంటే అంతకు తగ్గనిది పెట్టాలి. పిల్లలు ముచ్చటపడినా చాక్లెట్ మాత్రం పెట్టనివ్వకండి, చీమలూ కోతులూ వస్తాయి. ఆడాలంటే డబ్బు కట్టాలన్నదీ నిజం కాదు, ఉచిత ఖాతాతోనూ చాలా డబ్బాలు దొరుకుతాయి.

దొరక్కపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. యాప్‌లో డీఎన్ఎఫ్ (డిడ్ నాట్ ఫైండ్, అంటే దొరకలేదు) అని లాగ్ చేయండి, ఎక్కడెక్కడ వెతికారో ఒక ముక్క రాయండి. అలాంటివి వరుసగా కనిపిస్తేనే, వానకు కొట్టుకుపోయిందా, ఎవరైనా తీసేశారా అని దాచినవాళ్లు వెళ్లి చూసుకుంటారు.