రాళ్లు పాతితే రన్‌వే వచ్చినట్టు కాదు

ఎయిర్‌పోర్టుల ప్లానింగ్‌లో పనిచేస్తాను. మాది పాలమూరు. పండక్కి ఊరికి బయల్దేరితే చాలు, బస్సు దిగకముందే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మన దిక్కు ఎయిర్‌పోర్టు ఖాయమైందట గదా, ప్లాటు తీసుకోవాల్నా?" అని ఒకరు. "సర్వేవాళ్లు వచ్చిపోయిన్రు, ఉన్న మూడెకరాలు పోతయా?" అని ఇంకొకరు. ఒకరిది ఆశ, ఇంకొకరిది నిద్ర పట్టని టెన్షన్. ఇద్దరినీ ముంచుతున్న అపోహ మాత్రం ఒక్కటే.

అపోహ: సర్వే జరిగిందంటే ఎయిర్‌పోర్టు వచ్చినట్టే.

కాదు. మన రాష్ట్ర ప్రభుత్వం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీని ఆరు చోట్ల పరిశీలించమని అడిగింది. వరంగల్ దగ్గరి మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, పాల్వంచ, మన దేవరకద్ర. జాబితాలో పేరుండటం వేరు, విమానం దిగడం వేరు. సర్వేలో మేం చూసేది అక్కడ ఎయిర్‌పోర్టు కుదురుతుందా లేదా అని. చుట్టూ గుట్టలు ఎంత ఎత్తున్నాయి, హైటెన్షన్ లైన్లు ఎటు పోతున్నాయి, గాలి ఏ నెలలో ఎటు వీస్తుంది, చెరువుల మీద పక్షులు ఎన్ని వాలుతున్నాయి, వాన నీళ్లు ఎటు పారుతున్నాయి. ఇవన్నీ చూశాక "ఇక్కడ కుదరదు" అని రాసిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మేం పాతే రాయి కొలతలకు ఆధారం మాత్రమే, హద్దురాయి కాదు. దాని మీది పెయింటు మార్కు చూసి ఎకరం ధర పెంచేవాళ్లను, పొలం అమ్ముకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

సర్వే తర్వాత కేంద్రం నుంచి సైట్ క్లియరెన్స్, ఆపైన సూత్రప్రాయ ఆమోదం, పర్యావరణ అనుమతి, భూసేకరణ, డబ్బు ఎవరు పెడతారన్న లెక్క, ఇవన్నీ ఉంటాయి. మనకు ఇంకో మెలిక కూడా ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది. 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు 25 ఏళ్ల దాకా రాకూడదని దాని ఒప్పందంలో ఉంది. ఆ ఎయిర్‌పోర్టు నడిపేవాళ్లు ఒప్పుకుంటేనే దారి. మామునూరుకు అలా ఒప్పుకున్నారు, 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం పచ్చజెండా ఊపింది. అది నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు, 696 ఎకరాలు అథారిటీ చేతిలోనే ఉన్నాయి. అయినా అక్కడిదాకా రావడానికి ఏళ్లూపూళ్లూ పట్టింది. మన పాలమూరు వైపు కొత్తగా నేల చదును చేసి కట్టాలి. మరి బ్రోచర్ మీద విమానం బొమ్మ వేసి "రెండేళ్లలో డబుల్" అని ప్లాటు అమ్మేవాడు ఏ ధైర్యంతో చెబుతున్నాడు?

కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో పల్లీ చేను గట్టున జీపీఎస్ స్టాండు బిగిస్తున్నాను. ఒక పెద్దాయన మజ్జిగ చెంబు తెచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు స్టాండునే చూసి, "మా చెల్క పోతదా సారూ?" అన్నాడు. "ఇంకా ఏం తేలలేదు తాతా" అన్నాను. అంతకుమించి చెప్పలేదు, పనిలో ఉన్నాను. ఆరు నెలలకు మళ్లీ వెళ్తే, ఆ చేలోనే కూలికి పల్లీ పీకుతున్నాడు. "సర్కారు గుంజుకుంటది, పైస రాదు" అని ఎవరో బ్రోకరు చెబితే రెండెకరాలూ సగం ధరకు అమ్మేశాడట. మేం చివరికి గీసిన రన్‌వే ఊరికి అవతలి పక్క పడింది.

ఆయనకు ఆ రోజే కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట ఇది. భూమి నిజంగా తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ రావాలి. అది గెజిట్‌లో, పేపర్లలో, మీ పంచాయతీలో, తహసీల్దార్ ఆఫీసులో తెలుగులో పెడతారు. మీ సర్వే నంబరు అందులో ఉంటుంది. అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. నోటిఫికేషన్ వచ్చాక కలెక్టర్ అనుమతి లేకుండా ఆ భూమి అమ్మడం, కొనడం కుదరదు. అంటే "నోటిఫికేషన్ పడింది, తొందరగా నాకు అమ్మెయ్" అనేవాడు అబద్ధమన్నా చెబుతున్నాడు, కుదరని బేరమన్నా పెడుతున్నాడు. కాగితం చూపించమనండి. పైస రాదన్నదీ తప్పే. మార్కెట్ విలువ కట్టి, పల్లెల్లో దాన్ని గుణకంతో పెంచి, దాని మీద 100 శాతం సొలేషియం, అంటే అంతే మొత్తం అదనపు పరిహారం, కలుపుతారు. అదే భూమి మీద కనీసం మూడేళ్లుగా బతుకుతున్న కౌలుదార్లు, కూలీలు కూడా బాధిత కుటుంబాల లెక్కలోకి వస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: చిన్న విమానాలకు అంత భూమి ఎందుకు, మింగడానికే.

ప్లాన్ వేసేది ఇవాళ్టి ఏటీఆర్‌కు, అంటే చిన్న ప్రొపెల్లర్ విమానానికి, కాదు, 20 ఏళ్ల తర్వాతి అవసరానికి. రన్‌వే పొడవు సముద్రమట్టం దగ్గర లెక్కగట్టి, ప్రతి 300 మీటర్ల ఎత్తుకు 7 శాతం పెంచుతాం. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. దానికి తోడు మన మే నెల ఎండ. వేడెక్కిన గాలి పలచబడుతుంది, విమానం లేవడానికి ఇంకా దూరం పరుగెత్తాలి. తర్వాత పొడిగిద్దామంటే అప్పటికి రన్‌వే కొసన ఇళ్లు లేచి ఉంటాయి. భూమి ముందే అడిగేది అందుకే.

అపోహ: చుట్టుపక్కల ఇల్లు కట్టనివ్వరు.

కట్టనిస్తారు, చూసేది ఎత్తు. పెద్ద రన్‌వే చుట్టూ నాలుగు కిలోమీటర్ల వరకు పరిమితి మామూలుగా 45 మీటర్లు. మీ రెండంతస్తుల ఇల్లు పన్నెండు మీటర్లు కూడా ఉండదు. విమానం దిగే దారికి సూటిగా, రన్‌వే కొసకు దగ్గరగా ఉంటే మాత్రం పరిమితి చాలా తక్కువ. అక్కడ ఎన్‌వోసీ, అంటే ఎత్తుకు అభ్యంతరం లేదనే పత్రం, చూసుకోకుండా పునాది తీయొద్దు.

ఇంకొక్క మాట. పరిహారం లెక్కగట్టేటప్పుడు గత మూడేళ్లలో ఆ చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ అయిన ధరలు చూస్తారు. ఊరంతా స్టాంప్ డ్యూటీ కలిసొస్తుందని సగం ధర రాయించుకుంటే, రేపు అందరికీ వచ్చే పరిహారం ఆ సగం మీదే లెక్కపడుతుంది. ఈ మధ్య అమ్మకం పెట్టుకున్నవాళ్లుంటే, చేతికొచ్చే ధరే దస్తావేజులో రాయించండి.