116 ఎకరాల పీపుల్స్ పార్కు ఏమైంది? గిండీకి ముందు చెన్నై కథ

చెన్నైకి ఒక పెద్ద పార్కు రావాల్సి ఉంది. గిండీ రేస్‌కోర్సు నడిచిన 160 ఎకరాల పైచిలుకు స్థలం సర్కారుది. దానికి 1940ల నుంచి 99 ఏళ్ల లీజు ఉండేది, ఏడాదికి 614 రూపాయల చిల్లర అద్దెతో. అద్దె బకాయిల తగాదా ముదిరి 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసి గేట్లకు సీలు వేసింది. అందులో 118 ఎకరాలు పార్కు కోసం ఉద్యానవన శాఖకు అప్పగించింది. లీజుదారైన మద్రాసు రేస్ క్లబ్బు కోర్టుకెక్కింది. వానాకాలపు ముంపు తగ్గించడానికి అదే స్థలంలో చెరువులు తవ్వే పని కూడా మొదలైంది.

పొద్దున్నే నడకకు చోటు వెతుక్కునే ఊళ్లో 118 ఎకరాలంటే చిన్న విషయం కాదు. నాకూ సంతోషంగానే ఉంది. అయితే దాదాపు ఇంతే పెద్ద పార్కు ఈ ఊళ్లో ఇదివరకే ఒకటి ఉండేది. విస్తీర్ణం 116 ఎకరాలు, పేరు పీపుల్స్ పార్కు. నెల్లూరు నుంచో విజయవాడ నుంచో వచ్చి సెంట్రల్‌లో దిగి, సబర్బన్ స్టేషను మీదుగా రిప్పన్ బిల్డింగ్ వైపు నడిచేవాళ్లు ఆ పార్కు నేల మీదే నడుస్తున్నారు. అక్కడ పార్కు ఉండేదని ఇప్పుడు చెబితే తప్ప తెలియదు.

1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ ఆలోచన అది. ఇప్పటి జార్జిటౌన్‌ను అప్పట్లో బ్లాక్‌టౌన్ అనేవారు. ఆ ఇరుకు సందుల్లో కాపురాలుండే జనానికి గాలీ వెలుతురూ దొరికే చోటు ఒకటి కావాలని ఆయన పట్టుబట్టాడు. ట్రెవెల్యన్ మరుసటి ఏడాదే వెనక్కి వెళ్లిపోయినా పార్కు మాత్రం తయారైంది. పదకొండు కొలనులు, మైళ్ల కొద్దీ బాటలు, బ్యాండు వాయించే మండపం, స్నానాలకు ఒక చోటు, టెన్నిస్ కోర్టులు అన్నీ ఉండేవి. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే డాక్టరు 1855లో మొదలుపెట్టిన జంతుప్రదర్శనశాల కూడా 1860ల మొదట్లో ఇక్కడికే వచ్చింది. ఏటా డిసెంబరులో పార్కు ఫెయిర్ జరిగేది. 1886 డిసెంబరు 31న ఆ సంతలో పందిళ్లు అంటుకుని వందలమంది చనిపోయారు. నగర చరిత్రలోని ఘోరాల్లో అదొకటి. ఆ దెబ్బకు కూడా జనం పార్కును వదిలిపెట్టలేదు.

పార్కు పోయింది ఇంకోరకంగా. 1880ల్లో ఊరికి టౌన్‌హాలు కావాలన్నారు. పార్కులోంచి 57 గ్రౌండ్లు 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు, అంటే మొత్తం మూడెకరాల పైచిలుకు. 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులు తన సరస వినోదినీ సభతో వచ్చి తెలుగు నాటకాలు ఆడింది ఈ హాల్లోనే. అవి చూసి పమ్మల్ సంబంధ మొదలియార్ 1891లో సుగుణ విలాస సభ పెట్టారు, ఆధునిక తమిళ నాటకానికి దారి పడింది. అలాంటి హాలు వద్దని ఎవరంటారు? మూడెకరాలే కదా అని కూడా అనిపిస్తుంది.

తర్వాత బ్రాడ్‌వే రోడ్డు మీద చిల్లర వ్యాపారుల రద్దీ తగ్గించాలని మార్కెట్ కట్టారు. కార్పొరేషన్ అధ్యక్షుడు జార్జ్ మూర్ పేరుతో 1900లో తెరిచిన మూర్ మార్కెట్ అది. కార్పొరేషన్‌కు సొంత భవనం కావాల్సి వచ్చి 1913లో రిప్పన్ బిల్డింగ్ లేచింది. ఆటలకు స్టేడియం వచ్చింది. 1985లో మూర్ మార్కెట్ తగలబడితే ఆ నేల రైల్వేకు వెళ్లి సబర్బన్ టెర్మినల్ అయింది. దిక్కు లేకుండా పోయిన దుకాణదారులకు ఒక కొలను ఉన్నచోట లిల్లీపాండ్ కాంప్లెక్స్ కట్టారు. జంతువులూ అదే ఏడాది వండలూరు చేరాయి. రిప్పన్ బిల్డింగ్ వెనకాల మైలేడీస్ పార్కు ఒకటి మిగిలింది.

ఈ వరసలో ఒక్క దొంగ లేడు, కబ్జాదారు లేడు. అన్నీ ఊరికి కావాల్సినవే: టౌన్‌హాలు, మార్కెట్, ఆఫీసు, స్టేడియం, స్టేషను. ఒక్కొక్కదాన్ని విడిగా తీసుకుంటే నేనైనా సరేననేవాణ్ణి. సంతకం పెట్టిన ప్రతివాడికీ తన ముక్కే కనిపించింది, మొత్తం కూడి చూసినవాడు లేడు. చెన్నైలో పచ్చటి నేల ఎలా పోతుందో తెలుసుకోవాలంటే ఆక్రమణల జాబితా చూస్తే సరిపోదు. మంచి పనుల జాబితా చూడాలి.

టి.నగర్ దీనికి భిన్నంగా మొదలైంది. 1920ల్లో లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువును ఎండగట్టి ఆ పేటను వేశారు. చెరువు పోవడం నష్టమే, దాని ఫలితం ఇప్పటికీ ప్రతి వానకూ అనుభవిస్తున్నాం. కానీ ప్లానులో పార్కును మధ్యలో పెట్టి వీధులన్నీ అక్కడి నుంచి తీశారు. అదే పానగల్ పార్కు. శ్రీకాళహస్తి ప్రాంతపు జమీందారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ మొదటిమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న పానగంటి రామారాయణింగారు, అంటే పానగల్ రాజా, ఆయన పేరు అది. పక్కనే పట్టుచీరల దుకాణాలు. పెళ్లి కొనుగోళ్లకు వచ్చిన మన ఆడవాళ్లు ఆ చెట్ల నీడన సంచులు దింపుకుని కాళ్లు చాపుకోవడం ఎన్ని తరాలుగానో ఉన్నదే. ఇప్పుడు దాని కింద మెట్రో రెండో దశ స్టేషను వస్తోంది, పార్కులో కొంత ఆ పనికి పోయింది. షెనాయ్‌నగర్ తిరువిక పార్కుకూ ఇదే జరిగింది. 2011లో మెట్రో కోసం మూసిన పార్కును 2023లో గానీ తెరవలేదు. ఆ పేటలో ఒక తరం పిల్లలు పార్కు లేకుండానే పెద్దవాళ్లయ్యారు.

మెట్రో వద్దని కాదు, నేనూ ఎక్కుతున్నాను. కానీ ఇల్లు తీసుకుంటే నష్టపరిహారం కట్టాలి, యజమాని కోర్టుకెళతాడు. పార్కు తీసుకుంటే ఆ ఇబ్బందులేవీ లేవు. ఇంజనీర్ల కన్ను ముందు పార్కు మీద పడేది అందుకే.

నిలబడ్డ పార్కు చూడాలంటే మైలాపూరు లజ్‌లో నాగేశ్వరరావు పార్కుకు వెళ్లాలి. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరు పెట్టిన పార్కు అది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసుకున్న ఆయన ఇల్లు శ్రీబాగ్ కూడా ఆ చుట్టుపక్కలే ఉండేది. పార్కు మహా అయితే నాలుగెకరాలు. తెల్లారకముందే బాట మీద నడిచేవాళ్లు, ఒక పక్క షటిల్ ఆడేవాళ్లు, బెంచీ మీద పేపరును తలో షీటు పంచుకుని చదివే పెద్దాయనలు. నెల మొదటి ఆదివారం పొద్దున మైకు లేకుండా పిల్లల కచేరీ జరుగుతుంది. పదేళ్ల పిల్ల త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటే, వినాలనుకున్నవాళ్లు నడక ఆపి దగ్గరికి జరిగి కూర్చోవాలి. తెలుగు అర్థం తెలియకపోయినా సాహిత్యం తప్పు పోతే పట్టుకునే తాతలు అక్కడుంటారు. ఇలా రోజూ మనుషులు మసలే పార్కులో చెట్టు కొమ్మ నరికినా మర్నాటికి పేట మొత్తానికి తెలిసిపోతుంది.

పేటపేటకూ ఇలాంటివి ఉండాలనే ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్) నిబంధన ఉంది. చెన్నైలో 3,000 చదరపు మీటర్లు దాటిన స్థలాన్ని అభివృద్ధి చేస్తే రోడ్లు పోను పది శాతం ఖాళీ స్థలంగా వదలాలి, లేదా దాని విలువ కట్టాలి. 10,000 చదరపు మీటర్లు దాటితే ఆ భాగాన్ని గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు ఉచితంగా ఇవ్వాల్సిందే. దీన్ని సవాలు చేసిన కేసుల్లో 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిబంధనను సమర్థించింది. పెద్ద అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు కొనే మనవాళ్లు కారు పార్కింగు గురించి అడిగినంత గట్టిగా ఓఎస్ఆర్ ముక్క ఎక్కడుంది, దాని గేటు రోడ్డు వైపు ఉందా, కాంప్లెక్స్ లోపలికి ఉందా అని అడగరు. అది బయటి జనం కూడా వాడుకోవాల్సిన స్థలం.

ఇక గిండీ. పార్కుల, ఆటస్థలాల పరిరక్షణకు తమిళనాడులో 1959 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం స్థానిక సంస్థ తన పార్కులకు ప్లాన్లతో సహా జాబితా తయారుచేయాలి. జాబితాకెక్కిన స్థలాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా వేరే పనికి వాడకూడదు. చట్టం ఉన్నంత మాత్రాన చాలదు, అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే కదా. కానీ జాబితాలో ఉంటే ఒక ఫైలు కదలాలి, ఒక కారణం రాయాలి, దాన్ని జనం ప్రశ్నించవచ్చు. పీపుల్స్ పార్కుకు ఆ మాత్రం అడ్డూ లేకపోయింది. కాబట్టి 118 ఎకరాల హద్దులు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయి, అవి ఆ జాబితాలోకి ఎప్పుడు ఎక్కుతాయి, మిగతా 40 ఎకరాల పైచిలుకు దేనికి అని కౌన్సిలర్లనూ ఉద్యానవన శాఖనూ ఇప్పుడే అడగాలి. అక్కడ ఆస్పత్రో, బస్టాండో కడదామనే మంచి ఆలోచన ఎవరికైనా రాకముందే.