కారిడార్ గోడకి ఈ రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయి?

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మను రోజూ కాసేపు ఆస్పత్రి కారిడార్‌లో నడిపించేదాన్ని. గోడ పొడవునా లావుపాటి రైల్ ఒకటి ఉంది, చూడ్డానికి గట్టిగానే ఉంది, కానీ అమ్మ వేళ్లు దాని చుట్టూ తిరిగేవి కావు. గోడకి మరీ దగ్గరగా బిగించారు, వెనక వేళ్లు పట్టే సందు లేదు. అరచెయ్యి పైన ఆనించి నడిచేది, కాలు తూలితే ఆ చెయ్యి జారిపోయేది. తర్వాత అర్థమైంది, అది మనుషులు పట్టుకోవడానికి పెట్టిన రైల్ కాదు, స్ట్రెచర్లు గుద్దినా గోడ చెడిపోకుండా పెట్టిన బంపర్. రెండూ చాలాచోట్ల దాదాపు ఒకే ఎత్తులో, ఒకేలా కనిపిస్తాయి కాబట్టి నడిచేవాళ్లకి తేడా తెలియదు.

అప్పటి నుంచి ఈ విషయం వెంట పడ్డాను. గోడలకి ప్యానెళ్లు, కార్నర్ గార్డులు, రైల్స్ ఎంచుకునేటప్పుడు చాలామంది రంగు చూస్తారు, గీతలు పడతాయా అని చూస్తారు, ధర చూస్తారు. కేటలాగ్ అడుగున చిన్న అక్షరాల్లో రెండు ముక్కలుంటాయి: మంట విషయంలో క్లాస్ ఎ, అందుబాటు విషయంలో ఏడీఏకి, అంటే వికలాంగుల హక్కుల కోసం అమెరికా చేసిన చట్టానికి, అనుగుణం. రెండూ అమెరికాలో పుట్టిన మాటలే. ఇతర దేశాలకి వాటి సొంత నిబంధనలు ఉన్నా, ఈ సరుకు అమ్మేవాళ్ల కాగితాల మీద ఎక్కువగా కనిపించేవి ఇవే. అందుకే వీటి చరిత్ర చెబుతున్నాను. ఇవి రెండూ వేర్వేరు దారుల్లో వచ్చాయి, ఒకటి మంటల్లో పోయినవాళ్ల వైపు నుంచి, ఇంకొకటి భవనాల్లోకి రాలేకపోయినవాళ్ల వైపు నుంచి. గోడని కాపాడాలన్న ఆలోచన వీటిలో దేనికీ మూలం కాదు.

ముందు మంట సంగతి. కుర్చీ వీపులు తగిలి సున్నం రాలకుండా గోడకి చెక్క పట్టీ కొట్టడం, కింది సగానికి చెక్క పలకలో గుడ్డో అంటించడం చాలా పాత అలవాటు. గోడ రక్షణ అంటే అప్పట్లో అదే. 1946లో అది ఎంత ప్రమాదమో ఒకే ఏడాదిలో రెండుసార్లు తెలిసింది. జూన్ 5న షికాగోలో లా సాల్ హోటల్ అంటుకుని 61 మంది చనిపోయారు. లాబీ గోడలకి వార్నిష్ కొట్టిన చెక్క పలకలు ఉండేవి. డిసెంబర్ 7న అట్లాంటాలో వైన్‌కాఫ్ హోటల్‌లో 119 మంది పోయారు. 15 అంతస్తుల ఆ హోటల్‌ని ‘పూర్తిగా అగ్ని నిరోధకం’ అని ప్రచారం చేసుకున్నారు, భవనం అస్థిపంజరం నిజంగానే నిలబడింది కూడా. కాలింది లోపలి సరుకు. కారిడార్ గోడల కింది భాగానికి రంగు వేసిన గోనెగుడ్డ అంటించి ఉండేది, పైన వాల్‌పేపర్. దిగడానికి ఒక్కటే మెట్ల దారి, స్ప్రింక్లర్లు లేవు. భవనం కాలకపోవడం వేరు, భవనంలో ఉన్నవాళ్లు బతకడం వేరు అని ఆ కారిడార్లు చూపించాయి. మరుసటి ఏడాదే అధ్యక్షుడు ట్రూమన్ అగ్ని నివారణ మీద జాతీయ సదస్సు పెట్టించాడు.

అంతకు ముందే, 1942 నవంబర్ 28న, బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్‌లో 492 మంది చనిపోయారు. అక్కడ పైకప్పుకి కట్టిన గుడ్డ, కృత్రిమ తాటిచెట్ల అలంకరణ మంటని మోసుకెళ్లాయి. లోపలి అలంకరణ మంటని ఎంత వేగంగా పాకిస్తుందో కొలవాలి అన్న పట్టుదల ఈ ప్రమాదాలతో పెరిగింది. కొలిచే సాధనం, సరుకుల భద్రతని పరీక్షించే అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అనే సంస్థలో ఆల్బర్ట్ స్టైనర్ అనే ఇంజినీర్ తయారు చేసిన సొరంగం. 25 అడుగుల పొడవైన ఆ సొరంగం పైకప్పుకి సరుకు బిగిస్తారు, ఒక చివర గ్యాస్ మంట పెట్టి, గాలి వదిలి, 10 నిమిషాలు మంట ఎంత దూరం ఎంత వేగంగా పాకిందో చూస్తారు. సిమెంట్ బోర్డుని 0 అనుకున్నారు, రెడ్ ఓక్ చెక్కని 100 అనుకున్నారు. పరీక్షా ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ ఏఎస్‌టీఎం పేరుతో, ఏఎస్‌టీఎం ఈ84 అని మనం చూసేది ఈ పరీక్షే. 25 లోపు వస్తే క్లాస్ ఎ, 75 వరకు బి, 200 వరకు సి. మూడింటిలోనూ పొగ లెక్క 450 దాటకూడదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. క్లాస్ ఎ అంటే కాలదు అని కాదు, ఆ సొరంగంలో మంట నెమ్మదిగా పాకింది అని మాత్రమే. పైకప్పుకి బిగించి కాల్చడం వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ప్లాస్టిక్‌లు కరిగి కింద పడిపోతాయి, పైన మంట పాకడానికి ఏమీ మిగలదు, మార్కులు మాత్రం బాగా వస్తాయి. అదే సరుకు గది మూలలో గోడకి నిలువుగా ఉంటే కథ వేరు. ఫోమ్ ప్లాస్టిక్‌లని ‘మండదు’, ‘దానంతట అదే ఆరిపోతుంది’ అని అమ్ముతున్నారని 1973లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తయారీదారుల మీద, ఏఎస్‌టీఎం మీద కూడా ఫిర్యాదు పెట్టింది. చిన్న పరీక్షల్లో వచ్చిన ఫలితం అసలు గదిలో జరిగేది చెప్పదన్నది దాని సారాంశం. ఆ తర్వాత గది మూల పరీక్షలు బలపడ్డాయి. అమెరికా అగ్ని భద్రత సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ రాసిన 286 నంబరు పరీక్షలో 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గది గోడలకి సరుకు బిగించి, మూలలో బర్నర్ పెట్టి, 5 నిమిషాలు 40 కిలోవాట్లు, ఇంకో 10 నిమిషాలు 160 కిలోవాట్ల మంట ఇస్తారు. పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ లాంటి ప్లాస్టిక్‌లు గోడకి వాడాలంటే అమెరికా కోడ్ ఇప్పుడు ఈ పరీక్షే అడుగుతుంది. ఇదంతా ఉన్నా 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్‌లో 100 మంది చనిపోయారు. శబ్దం బయటికి పోకుండా వేదిక చుట్టూ గోడలకి పాలీయురెథేన్ ఫోమ్ అంటించి ఉంది, బాణసంచా నిప్పురవ్వ దాని మీద పడింది. రాసిపెట్టిన రూల్‌ని గోడ దగ్గర నిలబడి చూసేవాళ్లు లేకపోతే అది ఎవరినీ కాపాడలేదు.

నన్ను ఎక్కువగా ఆపేసేది 1961. ఆ ఏడాది డిసెంబర్ 8న కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రిలో, చెత్త వేసే గొట్టంలో మొదలైన మంట తొమ్మిదో అంతస్తు కారిడార్‌లోకి వచ్చింది. పైకప్పు పలకలు, గోడకి అంటించిన సరుకు దాన్ని కారిడార్ పొడవునా లాక్కెళ్లాయి. 16 మంది చనిపోయారు. తలుపులు మూసి ఉన్న గదుల్లోవాళ్లు బతికారు. ఆస్పత్రి కారిడార్ గోడకి ఏం అంటించాలి అన్న ప్రశ్న అప్పటి నుంచి మామూలు ప్రశ్నగా మిగలలేదు, ఎందుకంటే మంచం మీదున్న రోగి తనంతట తాను బయటికి రాలేడు.

అదే 1961లో, దీనితో ఏ సంబంధం లేకుండా, ఇంకో కాగితం వచ్చింది. ఏఎన్‌ఎస్‌ఐ ఏ117.1, వికలాంగులు భవనాల్లోకి వచ్చి వాడుకునేలా ఎలా కట్టాలో చెప్పిన మొదటి అమెరికన్ ప్రమాణం. దాని వెనక ఇల్లినాయ్ యూనివర్సిటీలో టిమోతీ న్యూజెంట్ చేసిన పని ఉంది. యుద్ధంలో గాయపడి వచ్చినవాళ్లు, పోలియో వచ్చినవాళ్లు వీల్‌చైర్‌లో చదువుకోవడానికి వస్తుంటే, ర్యాంపు వాలు ఎంత ఉండాలి, తలుపు ఎంత వెడల్పు ఉండాలి అని అక్కడ వాళ్లతోనే నడిపించి, తోయించి చూశారు. కానీ అది పాటిస్తే మంచిది అన్న కాగితమే. ప్రభుత్వ డబ్బుతో కట్టే భవనాలకి 1968లో చట్టం వచ్చింది. 1973 పునరావాస చట్టంలో, ప్రభుత్వ డబ్బు తీసుకునేవాళ్లు వికలాంగులపై వివక్ష చూపకూడదనే సెక్షన్ 504 వచ్చినా దాని నియమాల మీద సంతకం పెట్టడానికి ఏళ్లు సాగదీశారు, 1977 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయిస్తేగానీ కదల్లేదు. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో క్యాపిటల్ మెట్ల ముందు వీల్‌చైర్లు, చేతికర్రలు వదిలేసి పాక్కుంటూ ఎక్కారు, వాళ్లలో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంది. జూలై 26న ఏడీఏ చట్టమైంది. కేటలాగ్‌లో ఆ మూడక్షరాలు చూసినప్పుడల్లా నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి.

దీనికి గోడతో ఏం సంబంధం అంటే, కర్ర. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకి వ్యాలీ ఫోర్జ్ సైనికాసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడవాటి కర్రని ముందు అటూ ఇటూ ఆడిస్తూ నడవడం నేర్పాడు. కర్ర నేల దగ్గరున్నదాన్ని పసిగడుతుంది, నడుము ఎత్తులో గోడ నుంచి పొడుచుకొచ్చినదాన్ని పట్టుకోలేదు. అందుకే నేల నుంచి 27 అంగుళాలకు పైన, 80 అంగుళాలకు లోపు ఉన్న వస్తువు నడిచే దారిలోకి 4 అంగుళాలకు మించి రాకూడదని ఏడీఏ ప్రమాణం చెబుతుంది. హ్యాండ్‌రైల్‌కి మాత్రం నాలుగున్నర వరకు సడలింపు. లావుపాటి బంపర్ రైల్ ఎంచుకునేటప్పుడు బ్రాకెట్‌తో కలిపి కొలవాలి, కేటలాగ్‌లో రైల్ మందం ఒక్కటే రాసి ఉండొచ్చు.

పట్టుకునే రైల్ అయితే పై అంచు 34 నుంచి 38 అంగుళాల ఎత్తులో ఉండాలి, గోడకీ పట్టుకునే భాగానికీ మధ్య కనీసం అంగుళంన్నర సందు ఉండాలి, గుండ్రటిదైతే అడ్డుకొలత అంగుళంపావు నుంచి 2 అంగుళాల మధ్య ఉండాలి. పక్కనున్న గోడ గరుకుగా, పదునుగా ఉండకూడదు, చెయ్యి జారి గోడకి రాసుకుంటే తోలు లేస్తుంది కాబట్టి. అమ్మ పట్టుకోలేకపోయిన రైల్ ఇందులో సందు దగ్గరా, లావు దగ్గరా రెండు చోట్లా తప్పింది. చదునైన కారిడార్‌లో అసలు రైల్ పెట్టి తీరాలని ఏడీఏ అనదు, పెడితే మాత్రం ఇలా ఉండాలంటుంది. సగం పెట్టి వదిలేసే వెసులుబాటు లేదు.

ప్లాస్టిక్ వచ్చాక ఈ రెండు దారులూ ఒకే పట్టీ మీద కలిశాయి. యాక్రిలిక్, పీవీసీ కలిపిన గట్టి షీట్ 1965లో విమానాల లోపలి భాగాల కోసం తయారైంది, ఆ తరహా సరుకే తర్వాత గోడలెక్కింది. దెబ్బ తట్టుకుంటుంది, తుడిస్తే పోతుంది, మంట నెమ్మదిగా పాకుతుంది. కానీ పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లు, ఊపిరితిత్తులు మండిపోతాయి. 1980 నవంబర్ 21న లాస్ వేగస్ ఎంజీఎం గ్రాండ్‌లో పోయిన 85 మందిలో ఎక్కువమంది మంట దరిదాపుల్లో లేరు, పై అంతస్తుల్లో పొగతో పోయారు. పీవీసీ లేని షీట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. పొగ లెక్క 450 లోపు ఉందా అని మాత్రమే కాకుండా ఎంత ఉందో అంకె అడగండి, 50కీ 440కీ మధ్య చాలా తేడా ఉంది.

మీరిప్పుడు ఒక కారిడార్‌కి ఇవి ఎంచుకుంటుంటే, క్లాస్ అన్నిచోట్లా ఒకటే కాదని గుర్తుంచుకోండి. మెట్ల గది, బయటికి వెళ్లే దారి దగ్గర కఠినం, మామూలు గదుల్లో కాస్త సడలింపు, స్ప్రింక్లర్లు ఉంటే ఇంకొంచెం. పరీక్ష కాగితంలో ఉన్న మందం, జిగురు, వెనక గోడ మీరు వాడబోయేవేనా చూడండి. పాత పొర మీద కొత్తది అంటిస్తే ఆ కాగితం మీ గోడకి వర్తించదు. రంగు విషయంలో, చూపు తక్కువున్నవాళ్లకి రైల్ గోడలో కలిసిపోతే అది లేనట్టే. వెలుతురుని వెనక్కి పంపే విలువలో 30 పాయింట్ల తేడా ఉండాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి.

ఆర్డర్ ఇచ్చేముందు రైల్ ముక్కని బ్రాకెట్‌తో సహా తెప్పించి, గోడకి నిజంగా బిగించి, కీళ్ల నొప్పులున్న పెద్దావిడ ఎవరినైనా పట్టుకోమనండి. ఆమె బొటనవేలు, మిగతా వేళ్లు అవతలి వైపు కలుస్తున్నాయో లేదో పక్కన నిలబడి చూడండి.